పికప్ తలుపు

చీరాల,
4-2-2001, ఆదివారం.

అక్కకి,

నీ తమ్ముడు రంజాన్ సలాం. నేను బతికే ఉన్నాను. కాళ్ళూ చేతులూ సరిగానే ఉన్నాయి, మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఎక్కడ పడి చచ్చాడో అని ఏడుస్తుంటే కళ్ళు తుడుచుకో. తిడుతుంటే మాత్రం ఆపొద్దు. చెప్పాపెట్టకుండా వచ్చేసినందుకు ఆ తిట్లు నాకు రావాల్సినవే.

ఇక్కడ ప్రేమదాసు ఇంట్లో ఉంటున్నాను. గుర్తుందా, నాతోపాటు వినుకొండలో డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చి, నెల తిరక్కుండానే ‘నాకు మగ్గమే నయంరా’ అని వెళ్ళిపోయాడు చూడు, వాడే. అప్పుడు వాణ్ణి పిరికివాడని బస్టాండంతా వినిపించేలా ఎగతాళి చేశాను. ఇప్పుడు వాడి పంచలో పడుకుని వాడి పెళ్ళాం వడ్డించిన అన్నం తింటున్నాను. వాడు పాత సంగతి ఒక్కటీ ఎత్తడు. ఎత్తినా బాగుండును. మగ్గాల వాళ్ళకి నూలు కట్టలు సైకిల్ మీద వేసుకెళ్ళి ఇచ్చే పని చూపించాడు. చేస్తున్నాను. గతుకుల్లో సైకిల్ హ్యాండిల్ కాస్త అదిరినా దిగి నడిపించుకుంటూ పోతున్నాను. నిన్న ప్రేమదాసు ఎదురుపడి, “ఏరా, అంత బండి తోలినోడివి సైకిల్ నెట్టుకుంటూ పోతున్నావేందిరా?” అన్నాడు. చెయిన్ లూజుగా ఉందని చెప్పాను.

ఆ రోజు సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. నువ్వూ ఆ బండిలోనే ఉన్నావు, క్యాబిన్ వెనక కమ్మీ పట్టుకుని. పిచ్చయ్య గారి పికప్‌లో మిమ్మల్నందరినీ ఎక్కించుకుని పొద్దున్నే మిరపకోతకి కాలువ కట్ట మీద తీసుకెళ్తున్నాను. కల్వర్టు దాటగానే నా పక్క తలుపు లాకు ఊడింది. నేను కింద పడ్డాను. డ్రైవరు లేని బండి ఇటు కాలువలోకి దిగకుండా అటు చేలోకి దిగి, మిరపచెట్లు తొక్కుకుంటూ పోయి ఆగింది. మీరందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. వెంకటరావమ్మ అత్త మణికట్టు విరిగింది. అల్లా దయ, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

అందరికంటే ముందు నువ్వే కదా అరిచావు, “తలుపు ఊడిందయ్యో, మా వాడు పడిపోయాడయ్యో” అని. పిచ్చయ్య గారు మోటారు సైకిలేసుకుని వచ్చి “ఏమైందిరా?” అంటే, నేను నోరు తెరిచేలోపే నువ్వు ఆ మాటే చెప్పావు. నేను తల ఊపాను. జరిగింది అదే. బండి పాతది, లాకు అరిగిపోయింది, దానికి ఎవరేం చేస్తారు.

అయినా సిగ్గు పోవడం లేదక్కా. డ్రైవరన్నవాడు బండిలోంచి మూటలా జారి పడటమేమిటి? ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ‘డ్రైవరు రోడ్డు మీద, బండి చేలో’ అని పాటలా అనుకుంటుంటే విన్నాను. వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. వెంకటరావమ్మ అత్త కట్టు కట్టించుకుని అరుగు మీద కూర్చుని, “నీకు దెబ్బలేమైనా తగిలాయా నాయనా?” అని అడిగింది. దాంతో ఇక ఊళ్ళో ఉండలేకపోయాను. బస్సెక్కేశాను.

బావకి చెప్పు, నా కోసం వెతకొద్దని. నేను ఇక ఏ బండీ తోలను.

నీ తమ్ముడు,
రంజాన్

*

వినుకొండ మండలం,
9-2-2001.

ఒరేయ్ రంజానూ,

నీ ఉత్తరం అందింది. బతికే ఉన్నావని చదివి చెంబెడు మంచినీళ్ళు తాగాను. ఆ తరవాత ఒళ్ళు మండింది. బస్సెక్కే ముందు మా ఇంటి మీదుగా వెళ్తే నీ సొమ్మేం పోయింది? నీ కోసం కోడిగుడ్ల పులుసు పెట్టి, అర్ధరాత్రిదాకా కూర్చుని, చివరికి ఆ పులుసు మీ బావకే పెట్టాను. ఆయనకి గుడ్లంటే పడదు. పాపం అదీ తిన్నాడు.

ఇక్కడి సంగతులు చెప్తాను, విని స్థిమితపడు. పిచ్చయ్య గారు బండిని వినుకొండ తీసుకెళ్ళి రెండు తలుపులకీ కొత్త లాకులు వేయించాడు. మామూలువి కాదు, లారీలకి వేసేవట. మీ బావ రెండు చేతులూ పెట్టి లాగితేగానీ రావు. “ఇక నా బండిలోంచి ఎవడు పడతాడో చూస్తా” అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ముందు కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించి, అది చాలదన్నట్టు నన్ను అడిగి మన దర్గా నుంచి పచ్చగుడ్డ తెప్పించి బంపరుకి కట్టించాడు. బండి ఇప్పుడు పెళ్ళికూతురిలా ఉంది.

అసలు మాట. బండి మీ బావకిచ్చారు. ట్రాక్టరు దిగి పికప్ ఎక్కాడు. నీలాగా హారన్ కొట్టడు, పాటలు పెట్టడు, అదొక్కటే లోటు. ఆడవాళ్ళందరూ ఎక్కుతున్నారు. వెంకటరావమ్మ అత్త కూడా వస్తోంది, కోతకి కాదులే, కల్లంలో కూర్చుని ఒంటి చేత్తో తాలుకాయలు ఏరుతోంది. నిన్న కల్వర్టు దాటుతుంటే బండి ముందు భాగం కాస్త తల ఊపిందని మీ బావ చెప్పాడు. “మీ తమ్ముడు దీన్ని ముద్దు చేసి చెడగొట్టాడు, నా చేతికి అలవాటు పడేదాకా ఇంతే” అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాయ బాగా దిగుతోంది, వచ్చే బుధవారం నుంచి సాయంత్రం మాతోపాటు బస్తాలు కూడా అందులోనే వేస్తారట. బస్తాల మీద కూర్చుని రావచ్చని అందరికీ సంబరంగా ఉంది.

నువ్వు వచ్చేయ్. తలుపు ఊడితే నీ తప్పేముంది? ఎవరైనా అడిగితే తలుపు ఊడింది, పడ్డాను అని చెప్పు. ఆ మాట మీదే ఉండు. ఇంకేం మాట్లాడకు. నాలుగు రోజులు నవ్వుతారు, తరవాత ఇంకొకడు దొరుకుతాడు వాళ్ళకి.

నీ అక్క,
షాజాదీ

*

చీరాల,
13-2-2001, మంగళవారం.

అక్కా,

నీ ఉత్తరం చదివాను. పోస్టులో వేస్తే ఎప్పటికి అందుతుందో తెలియదు, అందుకే ప్రేమదాసు చేతికిచ్చి రేపు మొదటి బస్సుకి పంపుతున్నాను. వాడికి విషయం చెప్పలేదు. “అర్జెంటురా” అన్నాను. వాడు నా మొహం చూసి మగ్గం ఆపేసి సరేనన్నాడు. ఇది నిలబడి చదువు. చదివిన వెంటనే బావని ఆ బండి దించు. మిగతా తిట్లు తరవాత.

ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి పిచ్చయ్య గారింటికి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. “హలో, ఎవరు?” అని ఆ గట్టి గొంతుతో అడగ్గానే పెట్టేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ పెట్టేశాను. బూత్ అతను నా వంక అదోలా చూశాడు, ఎవరో అమ్మాయికి చేస్తున్నాననుకున్నాడు కాబోలు. బస్టాండుకి కూడా వెళ్ళాను. ఊరికి వద్దామని నరసరావుపేట బస్సు ఎక్కి కూర్చుని, కండక్టరు వచ్చేలోపు దిగిపోయాను. ఇప్పుడు వేరేవాడి చేత ఉత్తరం పంపుతున్నాను. చూశావుగా, నీ తమ్ముడు ఎంత మగాడో.

అక్కా, తలుపు ఊడలేదు. లాకు బాగానే ఉంది. నేనే తీశాను. తీసి దూకాను.

ఈ ముక్క రాశాక కాసేపు బయట తిరిగి వచ్చాను. ఇప్పుడు మొదటి నుంచి చెప్తాను.

ఆ బండికి షేకింగ్ ఉంది. పోయిన పత్తి సీజన్ నుంచే ఉంది. ఖాళీగా పోతే ఏమీ ఉండదు, నంగనాచిలా పోతుంది. వెనక బరువు పడి, ఒక వేగం అందుకుని, ముందు చక్రం ఏ గతుకులోనో కల్వర్టు అంచు మీదో పడిందంటే మొదలవుతుంది. ముందు స్టీరింగ్ చిన్నగా వణుకుతుంది. లెక్క పెట్టేలోపే అటూ ఇటూ కొట్టుకుంటుంది, చేతులు విదిలించేస్తుంది. బానెట్టు, అద్దాలు, డాష్‌బోర్డు అన్నీ దడదడలాడతాయి. ముకుతాడు తెగిన గిత్తని కొమ్ములు పట్టి ఆపినట్టు ఉంటుంది. అప్పుడు బ్రేకు మీద నిలబడకూడదు, స్టీరింగుతో పోట్లాడకూడదు. గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, వేగం పడిపోయేదాకా ఓర్చుకోవాలి. వేగం పడితే అదే నిమ్మళిస్తుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, భయంలో దొరికింది.

మొదటిసారి వచ్చినప్పుడే పిచ్చయ్య గారికి చెప్పాను. ఆయన ఖాళీ బండిని సెంటరు దాకా తిప్పి చూసి, “బండి వెన్నలా ఉందిరా, నీ చేతులే వణుకుతున్నాయేమో, రాత్రి ఏం తాగావు?” అని పదిమందిలో అన్నాడు. అందరూ నవ్వారు. నేను తాగనని నీకు తెలుసు. లోడు వేసి తిప్పి చూడండి అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఇంకోసారి చెబితే డ్రైవరు భయపడ్డాడంటారని ఊరుకున్నాను.

ఊరుకోవడం కూడా కాదక్కా, ఇంకా నీచం. డ్రైవరు కలీం ఒకసారి పత్తి లోడుతో ఆ బండి తోలి, కల్వర్టు దగ్గర చెమటలు పట్టి దిగిపోయాడు. “ఇది రంజాన్‌కే లొంగుద్ది, మనవల్ల కాదు” అన్నాడు టీకొట్టు దగ్గర. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆ రోజు నుంచి బండికి రోగం ఉందన్న మాటే మరిచిపోయి, నాకు పనితనం ఉందనుకోవడం మొదలుపెట్టాను. మీరు వెనక నిలబడి, “ఏందిరా రంజానూ, ఉయ్యాల ఊపుతున్నావా?” అని అరిచినప్పుడల్లా లోపల భయంతో చస్తున్నా, హారన్ కొట్టి నవ్వేవాణ్ణి. వెంకటరావమ్మ అత్త “పిల్లోడు సరదాపడుతున్నాడులే” అనేది. నా సరదాకి ఆమె చెయ్యి విరిగింది.

ఆ రోజు కల్వర్టు మీద షేకింగ్ వచ్చింది. మామూలుగా తగ్గేంతలో తగ్గలేదు. కాలు తీశాను, పట్టుకున్నాను, ఇంకా పెరిగింది. స్టీరింగ్ చువ్వ బొటనవేలికి తగిలి చెయ్యి తిమ్మిరెక్కింది. బండి కాలువ వైపు జరిగింది. కాలువ నిండుగా ఉంది, నీళ్ళు కట్ట అంచుదాకా ఉన్నాయి. నాకు ఈత రాదన్న సంగతి గుర్తొచ్చింది.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది, నా చెయ్యి నన్ను అడక్కుండా తలుపు మీదికి పోయిందని. అది అబద్ధం. ఆలోచించే టైముంది. నువ్వు గుర్తొచ్చావు. అక్క వెనకే ఉంది, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది అని గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా దూకాను.

నేను లేచేసరికి బండి చేలో ఉంది. మీ అరుపులు వినిపిస్తున్నాయి. పరిగెత్తుకు రాలేదు నేను. నీ గొంతు వినిపించేదాకా కట్ట మీదే నిలబడ్డాను. నువ్వు “తలుపు ఊడింది” అని అరిచావు. పాపం నువ్వు నిజంగానే అలా అనుకున్నావు. తమ్ముడు అలాంటి పని చేస్తాడని నీకు కలలో కూడా రాదు. నీ మాట వినగానే నాకు ఒడ్డు దొరికినట్టయింది. పడ్డవాణ్ణి చూసి జాలిపడతారు. దూకినవాణ్ణి చూసి ఏం చేస్తారు? తల ఊపేశాను.

నేను తల ఊపానని పిచ్చయ్య గారు లాకులు మార్పించాడు. కొబ్బరికాయలు కొట్టించాడు, పచ్చగుడ్డ కట్టించాడు, స్టీరింగ్ వైపు మాత్రం ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు, నేను చెబితే కదా. ఇప్పుడు ఆ బండిలో నా బావ కూర్చున్నాడు, తలుపు తీసుకుని బయటికి కూడా రాలేడు. ‘తల ఊపింది’ అని నువ్వు రాశావు చూడు, ఆ ముక్క చదివే ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. అది అలాగే మొదలవుతుంది. రేపు మీతోపాటు బస్తాలు కూడా వేస్తారు. వెనక అంత బరువు పడితే ముందు చక్రాలు నేల మీద ఆనవు. ట్రాక్టరు తోలిన చెయ్యి బావది, షేకింగ్ రాగానే బ్రేకు తొక్కుతాడు.

అందుకని నువ్వు ఇది దాచొద్దు. బావకి చెప్పు, పిచ్చయ్య గారికి చెప్పు, బండెక్కే ప్రతి ఆడమనిషికీ చెప్పు. రంజాన్ పడలేదు, దూకాడు, బండి షేకింగుకి భయపడి దూకాడు అని ఇదే మాట చెప్పు. నమ్మకపోతే ఈ కాగితం చూపించు. వాళ్ళు నా మొహాన ఉమ్మేసినా నేను అక్కడ ఉండను కాబట్టి నాకు తగలదు. ఇంత రాశాక కూడా అలా అనుకుంటున్నాను చూడు.

సైకిల్ చెయిన్ కూడా బాగానే ఉంది.

ఇక ఊరికి రాను. నువ్వు రమ్మని అడగొద్దు.

రంజాన్

*

వినుకొండ మండలం,
18-2-2001, ఆదివారం.

రంజానూ,

మీ బావ బాగానే ఉన్నాడు. అందరం బాగానే ఉన్నాం. ముందు అది చదివి, తరవాత మిగతాది చదువు.

ప్రేమదాసు బుధవారం మధ్యాహ్నం నేరుగా చేలోకే వచ్చాడు. సాళ్ళలో పడి “షాజాదీ అక్క ఎవరండీ?” అని అడుగుతూ వస్తుంటే ఎవరో కాయ కొనేవాడనుకున్నాం. నిలబడి చదవమన్నావు కదా, చెట్ల మధ్య నిలబడే చదివాను. కళ్ళు తుడుచుకున్నాను. మిరపకాయలు కోసిన చేతులని గుర్తులేదు. ఇక మంట చూడు. వెంకటరావమ్మ అత్త కల్లంలోంచి నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది. ఏమైందే అంటే తమ్ముడికి జ్వరమని చెప్పాను. అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి. మన ఇద్దరికీ ఎక్కడి నుంచి వచ్చిందిరా ఇది? నాన్న దూది ఏకుతూ ఊరూరూ తిరిగినా ఒక్కరి దగ్గరా మాట పడలేదు.

నేను చూశాను రంజానూ.

క్యాబిన్ వెనక కిటికీకి చిన్న అద్దం ఉంటుంది కదా, నేను రోజూ దాని దగ్గరే నిలబడేదాన్ని, నువ్వు బండి తోలుతుంటే చూడ్డం నాకు ఇష్టం. ‘దూదేకుల మస్తాన్ కొడుకు’ అనేవాళ్ళే ‘డ్రైవరు రంజాన్’ అని పిలుస్తుంటే నాకు తల కొంచెం పైకి లేచేది. ఆ రోజు బండి అదురుతుంటే కూడా అద్దంలోంచి నిన్నే చూస్తున్నాను. నీ ఎడమ చెయ్యి స్టీరింగు మీద ఉంది. కుడి చెయ్యి తలుపు మీదికి పోయింది. నువ్వు ఒక్కసారి వెనక్కి చూశావు. నీకు నేను కనిపించానో లేదో నాకు తెలియదు. తరవాత సీటు ఖాళీ అయింది.

బండి ఆగీ ఆగకముందే ‘తలుపు ఊడింది’ అని అరిచాను. నేను నమ్మి అరిచాననుకున్నావు నువ్వు. కాదురా. ఇంకెవరైనా ‘దూకాడు’ అనకముందే నేను వేరే మాట అనెయ్యాలనుకున్నాను. వెంకటరావమ్మ అత్త నా పక్కనే చెయ్యి పట్టుకుని మూలుగుతోంది. ఆమె వంక చూడక ముందే నీ పరువు చూశాను. తరవాత నీకు ఉత్తరం రాసి ‘ఆ మాట మీదే ఉండు’ అని కూడా చెప్పాను. బండి అలా ఎందుకు అదిరిందో నాకు తెలియదు, కానీ అదిరిందని తెలుసు కదా. తెలిసే మీ బావకి అన్నం క్యారేజీ కట్టి ఆ బండెక్కించాను. తల ఊపిందని ఆయన నవ్వితే నేనూ నవ్వాను.

సాయంత్రం బండి వచ్చింది. బస్తాలు ఎత్తారు. ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. నేను వెళ్ళి బండి ముందు, ఆ పచ్చగుడ్డ ఎదురుగా నిలబడ్డాను. పిచ్చయ్య గారు అక్కడే ఉన్నాడు. “ఏందమ్మా, అడ్డం లే” అన్నాడు.

“తలుపు ఊడలేదండీ” అన్నాను. “మా వాడు పడలేదు, దూకాడు. బండి ముందు చక్రాలు అదురుతుంటే భయపడి దూకాడు. నా కళ్ళతో నేను చూశాను. చూసి మీ అందరికీ అబద్ధం చెప్పాను.”

పిచ్చయ్య గారు, “దూకినోడి మాటలు నమ్మి బండి ఆపమంటావా? మగోడైతే ఎదురుగా వచ్చి చెప్పమను” అని మొదలెట్టాడు. ఆయనకి ఇంకేదో అనబుద్ధయింది కానీ వెంకటరావమ్మ అత్త అననివ్వలేదు. అప్పటికే ఒక కాలు బండి మీద పెట్టి ఉంది. ఆ కాలు దించేసింది. “నమ్మేదేముందయ్యా? తోలేవాడే దూకిన బండి. మేమెట్టా ఎక్కుతాం?” అంది. కొంగు కట్టు మీద కప్పుకుని కట్ట వెంబడి నడక మొదలుపెట్టింది. ఇంకొకరు దిగారు. చూస్తుండగానే అందరూ దిగి ఆమె వెనక పడ్డారు. “రేపు కోతకి రారా?” అని పిచ్చయ్య గారు అరిస్తే, “వస్తాం, నడిచొస్తాం” అన్నారు. నువ్వు దూకావని చెబితే నీ మొహాన ఉమ్మేస్తారని రాశావు. ఎవరూ నీ సంగతే ఎత్తలేదురా. నువ్వు దూకడమే వాళ్ళకి సాక్ష్యమైంది.

మీ బావ ఒక్కడే స్టీరింగ్ ముందు కూర్చుండిపోయాడు. ఆ లాకు రెండు చేతులతో లాగి, కిందికి దిగి, నా దగ్గరికి వచ్చాడు.

“నువ్వు చూశావా?” అన్నాడు.

“చూశాను.”

“చూసే నన్ను ఎక్కించావా?”

ఆయన బండి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. పెట్టింది తింటాడు, పిల్లలతో నవ్వుతాడు, నా వంక చూడడు. నేను అడగను కూడా. అడగడానికి నాకు మొహం లేదు.

మర్నాడు పిచ్చయ్య గారు మా అందరినీ అబద్ధాలకోర్లని చేద్దామని పంతం పట్టాడు. వినుకొండ మెకానిక్ షెడ్డు నుంచి ఆదాం మేస్త్రీని పిలిపించి, బండి నిండా బస్తాలు వేయించి, “నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా, అందరూ చూడండి” అన్నాడు. మేమంతా కట్ట మీద వరసగా నిలబడ్డాం. బండి కల్వర్టు ఎక్కింది, దిగింది, ఇక మొదలుపెట్టింది. అంత దూరం నుంచి ముందు చక్రాలు రెండూ పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం కనిపించింది. లోపల పిచ్చయ్య గారు రెండు చేతులతో తలుపు లాకు పట్టుకుని లాగుతున్నాడు. లారీ లాకు కదా, అది రాదు. ఆదాం నువ్వు రాసినట్టే కాలు తీసి, ఓర్చుకుని, చివరికి ఆపాడు. పిచ్చయ్య గారు బయటికి రావడానికి మీ బావ వెళ్ళి తలుపు లాగాల్సి వచ్చింది. ఎవరికీ నవ్వు రాలేదు. మామూలుగా అయితే ఏడాది పాటు నవ్వుకునేవాళ్ళం.

ఆదాం కింద పడుకుని చూశాడు. ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ ఉంటుందట, దాని చివర ఉండే గుండు లాంటి బాలు అరిగిపోయి, చేత్తో ఊపితేనే టకటకమంటోంది. అది ఇంకొన్నాళ్ళు తిరిగితే ఊడిపోయేదని, అప్పుడు ఎంత పనిమంతుడు పట్టుకున్నా ఒక చక్రం చేలోకీ ఒక చక్రం కాలువలోకీ పోయేదని చెప్పాడు. ఆ మాట అంటూ మీ బావ వంక చూశాడు. మీ బావ నా వంక చూశాడు. అప్పుడు ఒక్కసారి చూశాడు, అంతే. ఇప్పుడు బండి వినుకొండ షెడ్డులో ఉంది, ముందు సామానంతా మారుస్తున్నారు. పిచ్చయ్య గారు నన్ను చూసి, “వెధవ, లోడు వేసి చూడమని ఒక్క మాట అని ఉంటే” అన్నాడు. అదొక్కటీ ఆయన సరిగ్గానే అన్నాడు.

‘నువ్వు గుర్తొచ్చి కూడా దూకాను’ అని రాశావు చూడు, ఆ ముక్క మీద నాకు కోపం ఉంది. నువ్వు రాయకపోయినా ఉండేది, వెనక్కి చూశావు కదా. అది ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. పోయిందని చెప్పి నీకు ఇంకో అబద్ధం చెప్పను. కానీ నువ్వు చీరాలలో సైకిల్ నెట్టుకుంటూ నీ సిగ్గు నువ్వొక్కడివే మోస్తున్నానని అనుకోకు. ఇక్కడ నేను రోజూ ఆయన ముందు కంచం పెట్టి, మాట కోసం నిలబడుతున్నాను.

ఊరికి రానన్నావు, రమ్మని అడగొద్దన్నావు. నేను అడగడం లేదు, పిలుస్తున్నది వెంకటరావమ్మ అత్త. “డ్రైవరుగా కాదు, ముందు కోతకి రమ్మను, నా సాలు కూడా వాడే కోయాలి, నాకు చెయ్యి లేదు” అంది. బండి షెడ్డులోంచి వచ్చాక మీ బావే తోలతాడు. వెనక నేను నిలబడే చోటు నీకు ఇస్తాను. క్యాబిన్ వెనక, చిన్న అద్దం దగ్గర. కమ్మీ పట్టుకుని నిలబడు. అక్కడి నుంచి డ్రైవరు చేతులు రెండూ కనిపిస్తాయి.

నీ అక్క,
షాజాదీ